ఇన్వర్టర్, బ్యాటరీ సంగతులు: మీ ప్రశ్నలు, జవాబులు

ఎండలు ముదిరేసరికి మాకొచ్చే ఉత్తరాల్లో సగం కరెంటు కోతల గురించే ఉంటాయి. ఒకే ప్రశ్నను నలుగురు అడిగిన చోట ఒకరిదే వేస్తున్నాం. ప్రశ్నలు కొంచెం కుదించాను కానీ అందులోని కోపాలు మాత్రం అలాగే ఉంచాను.

ప్రశ్న: మాది రెండు పడక గదుల అద్దె ఇల్లు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. ఒక షాపులో 900 వీఏ ఇన్వర్టర్, ఒక బ్యాటరీ చాలన్నారు. ఇంకో షాపాయన రెండు బ్యాటరీలు లేకపోతే వేసవి గట్టెక్కదని భయపెడుతున్నాడు. ఎవరి మాట వినాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తెనాలి

జవాబు: ఇద్దరూ మిమ్మల్ని అడగాల్సిన మాట ఒకటి అడగలేదు. కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఏవేవి ఆగకూడదు, ఎంతసేపు ఆగకూడదు? అది తెలుసుకోకుండా ఎన్ని వీఏ, ఎన్ని బ్యాటరీలు అని చెప్పేస్తున్నారంటే వాళ్ల దగ్గర ఏం స్టాకు ఉందో చెబుతున్నారంతే.

ఒక కాగితం తీసుకుని రాయండి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, ఎల్ఈడీ ట్యూబ్ 20, వైఫై డబ్బా 12, ల్యాప్‌టాప్ 60 దాకా, 43 అంగుళాల టీవీ 80 అటూ ఇటూ. మీరు పని చేసుకుంటూ ఉండగా రెండు ఫ్యాన్లు, రెండు ట్యూబులు, వైఫై, ల్యాప్‌టాప్ నడిస్తే 262 వాట్లు. టీవీ కూడా పెడితే 340 దాకా వస్తుంది.

ఇక బ్యాటరీ. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. అదంతా మన చేతికి రాదు. ఆ 150 అన్న అంకె, ఏడున్నర ఆంపియర్ల చొప్పున 20 గంటల పాటు తీరిగ్గా వాడుకుంటే వచ్చే లెక్క. మీ ఇంట్లో ఆ లోడుకు పాతిక ఆంపియర్ల పైనే లాగుతారు, అంత జోరుగా లాగితే బ్యాటరీ తక్కువ ఇస్తుంది, ఇన్వర్టర్ తన వాటా కొంత వేడి కింద తినేస్తుంది, అడుగంటా ఖాళీ చేస్తే ఆయుష్షు తరుగుతుంది కాబట్టి కొంత మిగల్చాలి. అన్నీ పోగా 1100 వాట్ అవర్లు అనుకోండి. దాన్ని 262తో భాగిస్తే నాలుగు గంటల పైచిలుకు. టీవీ కూడా ఉంటే మూడు గంటలు. మీ వైపు ఒక్కసారి పోతే అంతకంటే ఎక్కువసేపు పోతుందా? లేదంటే రెండో బ్యాటరీ దండగ.

పోతుంది అంటారా, అప్పుడు కూడా రెండో బ్యాటరీ కంటే ముందు ఫ్యాన్ల వైపు చూడండి. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. ఆ రెండు ఫ్యాన్లూ మారిస్తే 262 కాస్తా 172కి దిగి, అదే బ్యాటరీ ఆరు గంటలు దాటి వస్తుంది. కరెంటు ఉన్నప్పుడు బిల్లు కూడా తగ్గుతుంది. ఇల్లు మారితే ఫ్యాన్లు విప్పుకుని తీసుకెళ్లొచ్చు. ఈ మాట బ్యాటరీ షాపులో ఎవరూ చెప్పరు లెండి.

ఇంకో మెలిక ఉంది. రెండు బ్యాటరీల ఏర్పాటు అంటే 24 వోల్టుల ఇన్వర్టర్, ఒకటంటే 12 వోల్టులది. "ఇప్పుడు ఒకటి తీసుకోండి, వచ్చే ఏడాది ఇంకోటి కలుపుదాం" అనే మాట నమ్మకండి. 12 వోల్టుల ఇన్వర్టర్ 24 వోల్టులకు పనికిరాదు. పోనీ పక్కపక్కనే సమాంతరంగా కలుపుదామన్నా, పాత బ్యాటరీ కొత్తదాన్ని కూడా తన స్థాయికి లాగేస్తుంది.

900 వీఏ మీకు చాలు. వీఏ వేరు, వాట్లు వేరు, 900 వీఏ డబ్బా నిజంగా మోసేది 700 వాట్లకు అటూ ఇటూ ఉంటుంది, అది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి డబ్బా వెనక వాట్లు ఎంత రాశారో చూసుకోండి. మీ లోడు అందులో సగమే. గీజరు, ఇస్త్రీ పెట్టె, ఏసీ, నీళ్ల మోటారు మాత్రం ఆ లైను మీదికి రానివ్వకండి. ఫ్రిజ్ అడుగుతారేమో, తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది, దానికి బ్యాటరీ ఎందుకు?

ప్యూర్ సైన్ వేవ్ అని రాసి ఉన్నదే కొనండి. చవకగా దొరికే స్క్వేర్ వేవ్ మీద ఫ్యాన్లు గుంయ్‌మంటాయి, కొన్ని కంప్యూటర్లు అసలు ఒప్పుకోవు. బ్యాటరీ ట్యూబులర్ రకం తీసుకోండి, ఫ్లాట్ ప్లేట్ కంటే ఎక్కువ ఏళ్లు వస్తుంది. వారంటీ 36 ప్లస్ 24 నెలలు అని రాస్తే అయిదేళ్లూ ఉచితంగా మారుస్తారని కాదు. మొదటి 36 నెలలే ఉచితం, తర్వాతి 24 నెలల్లో పాడైతే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. బిల్లు మీదా కార్డు మీదా సీరియల్ నంబరు ఒకటేనా, తయారీ తేదీ ఎప్పటిది అని షాపులో నిలబడే చూసుకోండి. నెలల తరబడి గోడౌనులో పడి ఉన్న బ్యాటరీ కొత్తది అనిపించుకోదు.

చివరిగా, అద్దె ఇల్లు కాబట్టి వైరింగ్ ముందు చూపించుకోండి. ఇన్వర్టర్ లైనుకు ఫేజు, న్యూట్రల్ రెండూ విడిగా ఉండాలి. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో గదికొక ఫేజు వేసి న్యూట్రల్స్ అన్నీ ఎక్కడో కలిపేసి ఉంటారు, అక్కడ ఇన్వర్టర్ పెడితే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయే స్విచ్) ఊరికే పడిపోతుంటుంది, ఒక్కోసారి ఆపేశామనుకున్న లైనులో షాక్ కూడా కొడుతుంది. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, బ్యాటరీ మోసుకొచ్చిన కుర్రాడితో కాదు.

ప్రశ్న: కరెంటు పోగానే ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది, కంప్యూటర్ మాత్రం ఠక్కున ఆగి మళ్లీ మొదలవుతుంది. మీసేవ పని మధ్యలో పోతే జనం నా మీద అరుస్తున్నారు. ఇన్వర్టర్ మార్చమంటారా?
– మీసేవ కేంద్రం నడిపే పాఠకుడు, మంచిర్యాల జిల్లా

జవాబు: మార్చొద్దు. ముందు ఇన్వర్టర్ వెనకో పక్కనో ఉండే చిన్న స్విచ్ చూడండి, యూపీఎస్ అని ఒకవైపు, నార్మల్ అనో వైడ్ అనో ఇంకోవైపు రాసి ఉంటుంది. మీది నార్మల్‌లో ఉండి ఉంటుంది. యూపీఎస్ వైపు తిప్పితే కరెంటు నుంచి బ్యాటరీకి మారే సమయం పది మిల్లీ సెకన్ల లోపుకు వస్తుంది, చాలా కంప్యూటర్లు ఆ మాత్రం తట్టుకుంటాయి.

కానీ దీనికి ఒక ఖరీదు ఉంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ సుమారు 180 నుంచి 260 వోల్టుల మధ్య వచ్చే కరెంటునే కరెంటుగా లెక్కిస్తుంది. మీ ఊళ్లో వ్యవసాయ మోటార్లు నడిచే వేళ వోల్టేజీ 170కి పడిపోతుంటే, తీగల్లో కరెంటు ఉన్నా సరే అది బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. మీరు గమనించరు. సాయంత్రం నిజంగా కరెంటు పోయేసరికి బ్యాటరీ ఖాళీ. లో వోల్టేజీ ఉన్న చోట ఇన్వర్టర్‌ను నార్మల్‌లోనే ఉంచి, కంప్యూటర్ ఒక్కదానికి 600 వీఏ చిన్న యూపీఎస్ విడిగా పెట్టుకోవడం మేలు. అందులో ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ చిన్న బ్యాటరీ, పని సేవ్ చేసుకుని ఆపడానికి పది నిమిషాలు ఇస్తుంది. గంటలు ఇవ్వదు. రెండు మూడేళ్లకోసారి ఆ బ్యాటరీ మార్చుకోవాలి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం దానికి తగిలించకండి, వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా లాగే కరెంటుకు యూపీఎస్ కీచుమని కూర్చుంటుంది.

ప్రశ్న: మాకు ఇన్వర్టర్ అక్కర్లేదు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు ఆగకుండా వైఫై ఒక్కటి నడిస్తే చాలు.
– గృహిణి, హనుమకొండ

జవాబు: దానికి రౌటర్ యూపీఎస్ అని అరచేతి వెడల్పు డబ్బా దొరుకుతుంది, లోపల లిథియం సెల్స్ ఉంటాయి, మామూలుగా మూడు నాలుగు గంటలు లాగుతుంది. కొనేముందు మీ వైఫై అడాప్టర్ మీద ఏం రాసుందో చూడండి. 12 వోల్టులా 9 వోల్టులా, ఒక ఆంపియరా రెండా? 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులు ఇచ్చి కాల్చుకున్నవాళ్లున్నారు. ఫైబర్ వచ్చే డబ్బా ఒకటి, వైఫై డబ్బా ఇంకోటి విడివిడిగా ఉంటే రెండింటికీ కరెంటు కావాలి, ఆ సంగతి చాలామంది మరిచిపోతారు.

ఇంకో మాట, మీ ఇంట్లో వైఫై వెలిగినంత మాత్రాన నెట్ వస్తుందని లేదు. ఇంటి దాకా ఫైబర్ వస్తే దారిలో ఫైబర్‌ను ఇళ్లకు పంచే స్ప్లిటర్లకు కరెంటే అక్కర్లేదు కాబట్టి అటు నెట్ కంపెనీ ఆఫీసులో బ్యాకప్ ఉంటే చాలు. అలా కాక వీధి చివర స్తంభానికి కట్టిన స్విచ్ డబ్బా నుంచి కేబుల్ లాగిన కనెక్షన్ అయితే, ఆ డబ్బాకు కరెంటు పోగానే మీ నెట్ కూడా పోతుంది. కొనే ముందు మీ కేబుల్ అతన్ని అడగండి.

ప్రశ్న: డిస్టిల్డ్ వాటర్ కోసం ప్రతిసారీ టౌనుకెళ్లాలి. మా ఇంట్లో ఆర్‌వో ఫిల్టర్ ఉంది, తాగే నీళ్లే కదా, అవి పోస్తే ఏమవుతుంది? మా మరిదిగారు ఏసీ నుంచి కారే నీళ్లు పోయమంటున్నారు.
– గృహిణి, అనంతపురం జిల్లా

జవాబు: రెండూ వద్దమ్మా. మనం తాగడానికి పనికొచ్చే నీళ్లు బ్యాటరీ తాగడానికి పనికిరావు. ఆర్‌వో ఉప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు, కాస్త రుచి కోసం కొంత ఉంచుతుంది కూడా. మీ జిల్లా బోరు నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ మిగిలిన క్లోరైడు, ఇనుము సీసం పలకల మీద పనిచేసి, బ్యాటరీ తనంతట తానే డిశ్చార్జి అయ్యేలా చేస్తాయి. నష్టం ఇవాళ కనబడదు, ఏడాది తర్వాత "కంపెనీ బాగోలేదు" అని తిట్టుకుంటాం. ఏసీ నీళ్లు ఆవిరి చల్లబడి వచ్చినవే, మీ మరిదిగారి తర్కం తప్పేం కాదు, కాకపోతే అవి దుమ్ము పట్టిన రాగి, అల్యూమినియం కాయిల్ మీదుగా జారి, పాచి పట్టిన గొట్టంలోంచి వస్తాయి. అయిదు లీటర్ల సీలున్న క్యాను ఒకటి తెచ్చి పెట్టుకుంటే చాన్నాళ్లు వస్తుంది. సీలు లేని క్యాను కొనకండి, అందులో పోసింది ఆర్‌వో నీళ్లో కాదో ఎవరికి తెలుసు?

యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకండి, ఎవరు చెప్పినా సరే. ఛార్జింగ్‌లో తరిగిపోయేది నీరే, యాసిడ్ లోపలే ఉంటుంది. మళ్లీ యాసిడ్ పోస్తే గాఢత పెరిగి పలకలు తినేస్తుంది.

మూతల మీద చిన్న ఫ్లోట్లు ఉంటాయి, ఎర్ర గీత దగ్గరికి దిగితే నీళ్లు తగ్గాయని, పచ్చ గీత దాకా లేస్తే నిండిందని. వేసవిలో నెలకోసారి, మిగతా కాలంలో రెండు మూడు నెలలకోసారి చూడండి. బ్యాటరీ పూర్తిగా ఛార్జి అయ్యాక పోయాలి, ఎందుకంటే ఛార్జింగ్‌లో లోపలి ద్రవం ఉబ్బుతుంది, ముందే నిండా పోస్తే పొంగి కిందికి కారుతుంది. పలకలు బయటపడేంతగా తగ్గిపోతే మాత్రం అవి మునిగే దాకా ముందు పోసి, ఛార్జి చేసి, తర్వాత మిగతాది. పొంగిన యాసిడ్ చుక్కలు పాలరాయి నేల మీద పడితే ఆ మచ్చ ఇక పోదు, బ్యాటరీని ప్లాస్టిక్ ట్రేలో పెట్టండి. ఇనప గరాటు వాడొద్దు. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, చేతి గాజులూ ఉంగరాలూ తీసేయండి. ఉంగరమో స్పానరో రెండు టెర్మినల్స్‌కూ ఒకేసారి తగిలిందంటే ఎర్రగా కాలిపోతుంది. యాసిడ్ ఒంటి మీద పడితే ధారగా నీళ్లు పోసుకోవడమే.

టెర్మినల్స్ మీద తెల్లగానో ఆకుపచ్చగానో చిలుము పడుతుంది. ఇన్వర్టర్ ఆపి, ప్లగ్గు తీసి, గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, ఆ నీళ్లు మూతల లోపలికి పోకుండా చూసుకోండి. ఆరాక నట్టు గట్టిగా బిగించి వేసలీన్ పూయండి. వదులుగా ఉన్న నట్టు దగ్గర వేడి పుట్టి కేబుల్ తొడుగు కరిగిపోవడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది.

మీరు అడగలేదు కానీ చెప్పాల్సింది: బ్యాటరీ ఎక్కడ పెట్టారు? మన ఇళ్లలో మెట్ల కింద చెప్పులు, పాత పేపర్లు, చీపుర్ల మధ్య తోసేస్తాం. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. మూసిన అల్మరాలో వద్దు, పడుకునే గదిలో వద్దు, దీపం వెలిగే పూజ గదికి ఆనుకుని అసలే వద్దు. పడమటి ఎండ కొట్టే బాల్కనీ కూడా వద్దు, వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది.

ప్రశ్న: గృహజ్యోతిలో మాకు సున్నా బిల్లు వచ్చేది. రెండు నెలలుగా 200 యూనిట్లు దాటి మొత్తం బిల్లు కట్టాల్సి వస్తోంది. కొత్తగా ఏమీ కొనలేదు. నాలుగేళ్ల ఇన్వర్టర్ బ్యాటరీ చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంటోంది. మీటరు తప్పా?
– చిరు వ్యాపారి, నల్గొండ

జవాబు: మీటరు మీద ఫిర్యాదు తర్వాత, ముందు ఆ బ్యాటరీ సంగతి చూడండి. బాగున్న ఇన్వర్టర్ కూడా ఊరికే ఆన్‌లో ఉండి 15 వాట్లు తింటే నెలకు దాదాపు 11 యూనిట్లు. అది ఎప్పటినుంచో ఉన్నదే. బ్యాటరీ ముసలిదయ్యాక, ముఖ్యంగా ఆరు సెల్స్‌లో ఒకటి చచ్చిపోతే, ఛార్జరుకు అది ఎప్పటికీ నిండినట్టు కనబడదు, రాత్రీ పగలూ కరెంటు తోస్తూనే ఉంటుంది. అలా నిరంతరం 50 వాట్లు పోయినా నెలకు 36 యూనిట్లు, అదంతా వేడిగా మారుతుంది. 180, 190 యూనిట్లతో గడిచే మీలాంటి ఇంటికి 200 గీత దాటించడానికి అది చాలు.

పరీక్ష తేలికే. పూర్తిగా ఛార్జి చేసి, ఇన్వర్టర్ ఆపి ప్లగ్గు తీసి, నాలుగు గంటలయ్యాక మల్టీమీటరుతో చూడండి. 12.6 దాకా ఉంటే బ్యాటరీ బాగున్నట్టే. పదిన్నర దగ్గర ఉంటే ఒక సెల్ పోయింది. మిగతా అయిదింటికి అక్కర్లేని నీళ్లు ఒక్కదానికే మాటిమాటికీ పోయాల్సి వస్తున్నా అదే అర్థం. కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా, డొక్కలు ఉబ్బినా పరీక్షల దాకా వెళ్లొద్దు. ఇన్వర్టర్‌కు కరెంటు వెళ్లే ఎంసీబీ దించేసి, కిటికీలు తెరిచి, అగ్గిపుల్ల గీయకుండా అవతలికి రండి. గ్యాస్ పోయి చల్లబడ్డాకే కేబుల్స్ విప్పాలి, అదీ మెకానిక్ చేత. అలాంటి బ్యాటరీని బాగుచేసి ఇస్తామనేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ప్రశ్న: పీఎం సూర్యఘర్ కింద డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ వేయించాం. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతుండగా కరెంటు పోతే ఇల్లంతా ఆగిపోతోంది! మమ్మల్ని మోసం చేశారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మోసం కాదు మాస్టారూ, ముందు చెప్పకపోవడం మాత్రం వాళ్ల తప్పే. మీది గ్రిడ్‌కు కలిపిన సోలార్. వీధి లైన్లో కరెంటు ఆగిన మరుక్షణం మీ సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోవాలన్నది నిబంధన. లేకపోతే మీ డాబా మీది కరెంటు మీటరు దాటి వీధి తీగల్లోకి వెళ్తుంది, లైను ఆపించుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది.

అన్నింటికంటే తేలికైన దారి, మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ విడిగా పెట్టుకోవడం. పగలు అది మీ సోలార్ కరెంటుతోనే నిండుతుంది. రెండోది హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీతో కలిపి, కరెంటు లేనప్పుడు కూడా ప్యానెళ్ల నుంచి తీసుకుంటుంది. ఖర్చు బాగా ఎక్కువ. ఇప్పుడున్నది మార్చాలంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతి, వేసినవాళ్ల వారంటీ రెండూ చూసుకోవాలి. మామూలు ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కు సోలార్‌ను కలిపేసి "కరెంటు ఉందనిపించేలా చేస్తాం" అనే ఎలక్ట్రీషియన్ వస్తే పంపించేయండి, ఎక్కువైన కరెంటు వెనక్కి తోసుకొచ్చి ఇన్వర్టర్‌నూ బ్యాటరీనీ పాడుచేస్తుంది.

ప్రశ్న: అమ్మానాన్న కోనసీమలో ఒంటరిగా ఉంటారు. ఇక్కడ దొరికే వెయ్యి వాట్ అవర్ల లిథియం పవర్ స్టేషన్ ఒకటి సూట్‌కేసులో తేవాలనుకుంటున్నాను. నాన్నకు వంగి నీళ్లు పోసే ఓపిక లేదు.
– పాఠకుడు, డాలస్

జవాబు: సూట్‌కేసులో కుదరదండి. విమానంలో విడి లిథియం బ్యాటరీ 100 వాట్ అవర్ల దాకానే, ఎయిర్‌లైన్ ఒప్పుకుంటే 160 దాకా, అదీ చేతి సంచిలోనే. చెక్ ఇన్ లగేజీలో అసలు పెట్టనివ్వరు. ఒకవేళ ఎలాగో చేరినా, అమెరికా డబ్బా ఇచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్, మన ఫ్యాన్లకు కావాల్సింది 230, 50.

ఆలోచన మాత్రం మంచిదే, ఇక్కడే కొనండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అన్న రకం చూడండి, ఫోన్లలో ఉండే లిథియం కంటే మంట పట్టే భయం చాలా తక్కువ. 12.8 వోల్టుల 100 ఏహెచ్‌ది 1280 వాట్ అవర్లు, దాన్ని తొంభై శాతం దాకా వాడుకోవచ్చు కాబట్టి చేతికొచ్చేది 150 ఏహెచ్ ట్యూబులర్‌కు దరిదాపుల్లోనే. ట్యూబులర్ యాభై కిలోల పైన ఉంటుంది, ఇది పన్నెండు కిలోల అటూ ఇటూ. నీళ్లు అక్కర్లేదు, త్వరగా నిండుతుంది, రోజూ వాడినా వేలసార్లు ఛార్జింగ్ తట్టుకుంటుంది. ధర ఎక్కువ. పాత ఇన్వర్టర్‌కు తగిలించే ముందు అందులో లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూడాలి, ట్యూబులర్ కోసం చేసిన ఛార్జరు వోల్టేజీ దీనికి సరిపోక బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ మాటిమాటికీ ఆపేస్తుంది. బ్యాటరీ, ఇన్వర్టర్ కలిసి వచ్చేవి తీసుకోవడమే సుఖం. పాడైతే అమలాపురం దాకా వచ్చి చూసేవాళ్లున్నారా అన్నది కొనకముందే అడగండి. చూసేవాళ్లు లేకపోతే ట్యూబులరే నయం, నీళ్లు పోయడానికి నెలకోసారి ఎవరినైనా పిలిపించండి.

కోస్తా కాబట్టి తుఫాను సంగతి కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు లేదు. ఏ ఇంటి బ్యాటరీ అయినా అంతసేపు ఫ్యాన్లు తిప్పలేదు. అలాంటప్పుడు ఇన్వర్టర్‌ను ఊరికే ఆన్‌లో ఉంచితే దాని సొంత ఖర్చుకే బ్యాటరీ అయిపోతుంది. ఆపేసి, ఫోన్లు ఛార్జి చేసుకోవడానికి, రాత్రి కాసేపు ఒక బల్బుకు మాత్రమే వెయ్యమని నాన్నగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

ప్రశ్న: నాన్నకు అయిదు లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ నడుస్తోంది. ఇంట్లో ఒక 150 ఏహెచ్ బ్యాటరీ ఉంది, సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఒక్కటి సరిపోదమ్మా. ఆ మెషీన్ 300 నుంచి 350 వాట్లు, ఆగకుండా. కొత్త బ్యాటరీ అయినా మహా అయితే మూడు గంటలు, రెండేళ్ల పాతదైతే అది కూడా నమ్మలేం. ఆ మెషీన్ ఒక్కదానికే 24 వోల్టుల సైన్ వేవ్ ఇన్వర్టర్, రెండు 150 ఏహెచ్ బ్యాటరీలు విడి లైను మీద పెట్టించండి. కొత్తగా ఉన్నప్పుడు అయిదారు గంటలు వస్తుంది. ఆ లైను మీద ఫోన్ ఛార్జరు కూడా పెట్టనివ్వకండి.

ఎన్ని బ్యాటరీలున్నా నిండు సిలిండరు, దానికి సరిపోయే రెగ్యులేటర్, మాస్కు ఇంట్లో ఉండి తీరాలి, ఎంత ఫ్లో పెట్టాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. నెలకోసారి, సిలిండరు సిద్ధంగా పెట్టుకుని, ఇద్దరు ఉన్నప్పుడు మెయిన్ ఆపి చూడండి, మెషీన్ ఆగకుండా బ్యాటరీ మీదికి మారుతోందా లేదా అని.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఇన్వర్టర్, బ్యాటరీ మునిగాయి. కొత్తవి ఎక్కడ పెట్టాలి? పాత బ్యాటరీ ఇంకా మూలనే ఉంది, వాడొచ్చా?
– సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వాడొద్దు. మూతల సందుల్లోంచి మురికి నీళ్లు లోపలికి వెళ్లి ఉంటాయి, పైకి బాగున్నట్టు కనిపించినా లోపలి యాసిడ్ పాడైపోయినట్టే. పైగా ఛార్జి లేకుండా ఇన్నాళ్లు పడి ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఉంటుంది. ఇన్వర్టర్ కూడా ఎండబెట్టి ఆన్ చేసి చూద్దాం అనుకోకండి.

కొత్తవాటిని అప్పటి వరద గీత కంటే పైన పెట్టాలి, గోడ మీద మరక ఇంకా కనిపిస్తూనే ఉండి ఉంటుంది. ట్యూబులర్ బరువుకు గోడ బ్రాకెట్ నమ్మకం లేదు, నేలలో దిగేసిన ఇనప స్టాండు చేయించండి. మేడ మీద గది ఉంటే అక్కడ పెట్టి కేబుల్ కిందికి దించుకోవచ్చు, అయితే బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే తీగ పొట్టిగానే ఉండాలి, అంటే రెండూ పైనే ఉండాలి, కిందికి రావాల్సింది 230 వోల్టుల లైనే. నీళ్లు గుమ్మం దాకా వస్తున్నాయంటే మెయిన్ ఒక్కటే ఆపి ఊరుకోకండి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ సాకెట్లకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. ముందు ఇన్వర్టర్ ఆపాలి.

ప్రశ్న: ఆరు నెలలు మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం. బ్యాటరీని ఏం చేయాలి?
– పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: నీళ్లు సరిచూసి, పూర్తిగా ఛార్జి చేసి, ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ కేబుల్ విప్పించండి. తాళం చెవి ఎవరి దగ్గర ఉంచుతారో వాళ్ల చేత రెండు నెలలకోసారి మళ్లీ కలిపించి ఒక రాత్రంతా ఛార్జి చేయించండి. సగం ఛార్జితో వదిలేసి వెళ్తే వచ్చేసరికి అది బరువు తూచి అమ్ముకోవడానికే పనికొస్తుంది.

ప్రశ్న: పాత బ్యాటరీకి సామాన్లవాడు షాపు కంటే రెండొందలు ఎక్కువ ఇస్తానంటున్నాడు. ఇచ్చేయొచ్చా?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇవ్వకండి. అతను చాలావరకు చేసేది యాసిడ్‌ను మీ వీధి కాలువలోనే ఒంపేసి, సీసాన్ని ఎక్కడో ఆరుబయట కరిగించేవాళ్లకు అమ్మడం. ఆ పొగ, ఆ దుమ్ము చుట్టుపక్కల పిల్లల ఒంట్లోకి వెళ్తుంది, సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనే షాపులోనే ఇచ్చి, దాని ధర బిల్లులో విడిగా చూపించమనండి. మూడు షాపుల్లో అడిగితే ఆ రెండొందల తేడా ఎక్కడో ఒకచోట తీరిపోతుంది, మీరు బేరం ఆడితే ఇంకా ముందే.